నాటేవాళ్లు సరే, చూసేవాళ్లేరీ?

(పద్మనాభంలో పెద్ద మాస్టారి సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఊళ్లో మాస్టారిని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పెద్ద మాస్టారంటే చాలు, చంటిపిల్లాడు కూడా ఇల్లు చూపించేవాడు. నేనూ ఆ మాటతోనే కానిస్తాను. ఆయన గుణగణాలు నాకన్నా ముందు మాట్లాడిన ముగ్గురూ చెప్పేశారు, నాకేమీ మిగల్చలేదు. అదీ మంచిదే. స్మారకోపన్యాసంలో పోయినవారి గురించే మాట్లాడాలని లేదు, వారు పట్టించుకున్న సంగతి గురించి మాట్లాడినా చెల్లుతుంది. ఆయన పట్టించుకున్నవి రెండు. ఉద్యోగం చేసుకుంటూ చదువుకోవడం ఒకటి, చెట్లు రెండోది. సెకండరీ గ్రేడు టీచరుగా చేరి, ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్సులో డిగ్రీ తెచ్చుకున్న మనిషి ఆయన. ఆ రెండూ కలిసే చోట నాకు బతుకుదెరువు దొరికింది. పట్నంలో ఒక కర్మాగారం తోటల విభాగంలో పగలు పనిచేస్తూ, చెట్ల సంరక్షణ మీద దూరవిద్యలో రాత్రిళ్లు చదివాను. ఈ పూట ఆ చదువు గురించే చెబుతాను. అది మన దగ్గర, మన భాషలో, మన చెట్ల మీద ఎందుకు రావాలన్నది నా వాదన.

మొక్కలు నాటడం గురించి మనకు ఉపన్యాసాలకు కొదవ లేదు. వన మహోత్సవం నాడు గొయ్యి తీసినవాడు ఒకడైతే ఫొటోలో ఉన్నవాడు ఇంకొకడు, అయినా ఫర్వాలేదు, మొక్క మొక్కే. నా గొడవ ఆ మొక్క ముప్పై ఏళ్లవాడయ్యాక మొదలవుతుంది. అప్పుడు దాని కొమ్మ కరెంటు తీగను తాకుతుంది, వేరు ప్రహరీ గోడను లేపుతుంది, మొదట్లో పుట్టగొడుగు పుడుతుంది. అప్పుడు ఎవరిని పిలవాలి? పశువుకు జబ్బు చేస్తే పిలవడానికి మనిషున్నాడు. మోటారు కాలిపోతే ఉన్నాడు. చెట్టుకి మాత్రం గొడ్డలివాడే దిక్కు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ మీద తీరం దాటిన రోజు. గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు గాలి. మర్నాడు పట్నంలో నడిచినవాళ్లకు ఎక్కువ గుర్తుండేది ఆకాశమే, ఎక్కడ చూసినా అడ్డం లేని ఆకాశం. కైలాసగిరి, సింహాచలం కొండ, కంబాలకొండ ఎండాకాలంలో కూడా లేనంత గోధుమ రంగుకు తిరిగాయి. ఆకు మిగల్లేదు. అంత గాలికి ఏ చెట్టు ఆగుతుందని అందరం అనుకున్నాం, చాలా చెట్ల విషయంలో అది నిజమే. కానీ పెల్లగిలిన వేళ్ల దగ్గర కాసేపు కూర్చుని చూస్తే వేరే సంగతులు కనిపించాయి. వేరుచుట్టు మూడు వైపులా గుండ్రంగా ఉండి నాలుగో వైపు కత్తితో కోసినట్టు తిన్నగా ఉంది. ఆ వైపున ఎప్పుడో కాలవ తవ్వి ఉంటారు. ఇంకో చోట మాను మధ్యలో విరిగింది. విరిగిన చోట లోపల గోధుమ రంగు పొడి, బయట పాత నరుకుడు మచ్చ. మరోచోట మొక్కనాడు కట్టిన ఇనుప కంచె బెరడులోకి దిగబడిపోయి, సరిగ్గా ఆ గీత మీదే చెట్టు తుంచినట్టు తెగింది. ఆ చెట్లను గాలి పడేసింది నిజమే, కానీ అవి పడడానికి సిద్ధమై ఏళ్లయింది. సిద్ధం చేసింది మనం.

తర్వాత మళ్లీ నాటాం, గబగబా నాటాం. త్వరగా ఎదుగుతుంది, పశువు ముట్టదు, ఆకు నిగనిగలాడుతుందని ఏడాకుల పాల వీధులకు వీధులు పెట్టారు. అవి పూతకొచ్చాక చలికాలం మొదట్లో సాయంత్రం పూట ఆ ఘాటు వాసనకు తలనొప్పులు, దగ్గులని జనం గోల పెట్టారు. చెట్టు తప్పేం లేదు. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉండాల్సిన దాన్ని కిటికీ కింద వరసగా నిలబెడితే అది మాత్రం ఏం చేస్తుంది? ఎక్కడ ఏ చెట్టు అన్నది కూడా చదువే. దాన్ని మనం నర్సరీలో ఏది దండిగా ఉందో దాన్ని బట్టి తేల్చేస్తున్నాం.

చదువుకున్నవాళ్లు మనకు లేరా అంటే ఉన్నారు. ఫారెస్టు కాలేజీల్లో అడవి గురించి చెబుతారు, కలప ఎంతొస్తుంది, ఏ జాతి ఏ నేలలో ఎదుగుతుందని. 2007లో పుట్టిన వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం మామిడికీ కొబ్బరికీ జీడికీ ఉంది. వీధి చెట్టు, బడి చెట్టు, గుడి చెట్టు ఈ రెంటి మధ్యా పడిపోయాయి. అవి కలపకు రావు, కాయకు రావు. వాటి మీద చెయ్యి వేసేవాళ్లు వేరే. వర్షాకాలం ముందు తీగల కింద కొమ్మలు కొట్టేవాళ్లు, రోడ్డు వెడల్పు చేసే కాంట్రాక్టరు మనుషులు, కట్టెలకు నరికి అమ్ముకునేవాళ్లు, పొక్లెయిన్ డ్రైవరు. ఒక్క రోజులో వీళ్లు తాకినన్ని చెట్లను ఏ ప్రొఫెసరూ జన్మలో తాకడు. వాళ్లకు చెట్టు గురించి ఎవరూ ఒక్క పాఠం చెప్పలేదు. తెల్లారి పని, సాయంత్రం కూలి. కాలేజీకి రమ్మంటే వాళ్లు రారు, వస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. నేను దూరవిద్య అంటున్నది ఇందుకే.

బయటి దేశాల్లో ఇది పనిగా, హోదాగా నిలబడి చాలా కాలమైంది. అమెరికాలో నీడ చెట్ల వాళ్లు 1924లో మొదటిసారి సమావేశమయ్యారు, అదే పెరిగి ఈనాటి అంతర్జాతీయ ఆర్బోరికల్చర్ సొసైటీ అయింది. వాళ్ల సర్టిఫికెట్టు పరీక్షకు కూర్చోవాలంటే ఏళ్ల తరబడి చెట్టు పని చేసి ఉండాలి. బ్రిటన్‌లో ఇలాంటి సంఘం 1964 నుంచి ఉంది. లాంకషైర్‌లో మైర్స్‌కఫ్ అని ఒక కాలేజీ ఇంట్లో కూర్చుని చదివే పద్ధతిలో చెట్ల నిర్వహణలో డిగ్రీ వరకూ, ఆ పైనా చెబుతుంది. పగలంతా తాడు మీద వేలాడి వచ్చినవాడు రాత్రి పాఠం తెరుస్తాడన్నమాట. ఇవన్నీ ఇంగ్లీషులో, పౌండ్లలో, డాలర్లలో. మన కుర్రాడికి అందేవి కావు. కానీ ఆ ఏర్పాటులో ఒక సంగతి నాకు నచ్చింది. పని చెయ్యడం అక్కడ చదువుకు అడ్డం కాదు, అర్హత.

దూరవిద్య మనకు కొత్తదీ కాదు, ఒకరి దగ్గర అరువు తెచ్చుకోవాల్సిందీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్సు కోర్సులు పెట్టింది. ఉత్తరాంధ్రలో ఎంతమంది టీచర్లు, గుమస్తాలు, పోర్టు ఉద్యోగులు ఆ పోస్టు కట్టలతో పట్టభద్రులయ్యారో ఈ సభలో చేతులెత్తమంటే తెలిసిపోతుంది. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది, ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్నది అదే. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామిరెడ్డి గారే 1985లో ఢిల్లీ వెళ్లి జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకు కూడా మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. బడి మొహం చూడనివాణ్ణి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి తీసుకోవచ్చని తెలుగు గడ్డ మీదే నిరూపణ అయింది. ఆ తలుపుల గుండా మనం బి.ఎ.లను, బి.కాం.లను ఎందరినో దాటించాం. చేతిపనిని మాత్రం ఎక్కువగా గుమ్మం బయటే నిలబెట్టాం. పుస్తకంలో చేతిపని ఎలా నేర్పుతారని అడుగుతారు. ఎంతవరకు నేర్పవచ్చో ఒక్క పాఠం చెప్పి చూపిస్తాను. పిల్లలూ, మీరు ముందుకు జరగండి, ఇది మీకు పనికొస్తుంది.

కొమ్మ మాను నుంచి పుట్టే చోట కింది వైపు కాస్త ఉబ్బుగా, ముడతలు పడి ఉంటుంది. అది కొమ్మ మెడ. నిద్రగన్నేరుకైతే దూరం నుంచే కనిపిస్తుంది, వేపకు కాస్త దగ్గరికెళ్లి చూడాలి. మన వాళ్లు కొమ్మ కొట్టేటప్పుడు నున్నగా ఉండాలని మానుకి అంటగొట్టి ఆ మెడతో సహా తీసేస్తారు. లేకపోతే మూరెడు మోడు వదిలేస్తారు. రెండూ చెట్టుకు చేటే. మెడలో ఉన్న కణజాలం మాను సొత్తు, గాయాన్ని మూసే పని దానిదే. దాన్ని తీసేస్తే కాపలావాణ్ణి చంపి తలుపు తెరిచి పెట్టినట్టే. మోడు వదిలితే అది చచ్చి, కుళ్లి, ఆ కుళ్లు లోపలికి దారి చేసుకుంటుంది.

సరైన కోత మూడు కోతలు. మొదటిది మెడకు జానెడున్నర అవతల, కింది నుంచి పైకి, కొమ్మ మందంలో పావు వంతు లోతు. రెండోది దానికి కాస్త అవతల, పై నుంచి కిందికి. ఇప్పుడు కొమ్మ బరువుకు విరిగి పడుతుంది గానీ బెరడు చీల్చుకుంటూ మాను మీదికి రాదు. కింది కోత అక్కడే ఆపుతుంది. బరువు దిగిపోయాక మూడో కోత, మెడ చివర, మెడను తాకకుండా. రంపం నెమ్మదిగా నడవాలి. కోసిన మొహం గుండ్రంగా వస్తే కోత సరిగ్గా పడినట్టు, కోడిగుడ్డులా నిలువుగా సాగితే మెడలోకి దిగిపోయినట్టు. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే చుట్టూ కొత్త బెరడు ఉంగరంలా లేస్తుంది. కింద సగమే లేచి పైన లేవకపోతే, కోసినవాడి చెయ్యి ఎక్కడ జారిందో చెట్టే రాసి పెట్టినట్టు. కోతను దిద్దే గురువు పక్కన లేకపోయినా దిద్దుబాటు దొరుకుతుంది. ఈ పని దూరవిద్యకు కుదురుతుందని నేను అనడానికి సగం కారణం అదే.

ఇది ఊరికే అనుభవం చెప్పిన సంగతి కాదు. అమెరికా అటవీ శాఖలో అలెక్స్ షైగో అనే ఆయన చెట్లను నిలువునా కోసి, లోపల కుళ్లు ఎటు నడిచిందో, ఎక్కడ ఆగిందో వేల చెట్లలో చూశాడు. 1977లో అచ్చయిన ఆయన వివరణ సారం ఇది. చెట్టు గాయాన్ని మాన్పుకోదు. మన చర్మంలా పాత చోట కొత్త కణాలు రావు. అది గాయాన్ని లోపలే గోడలు కట్టి మూసేస్తుంది. నిలువునా వెళ్లే గొట్టాలను మూసే గోడ బలహీనం, అందుకే కుళ్లు పైకీ కిందికీ త్వరగా పాకుతుంది. లోపలి వలయాల గోడ, పక్కల గోడ అంతకన్నా మేలు. గాయం తర్వాత పుట్టిన కొత్త కలపకీ పాతదానికీ మధ్య కట్టే నాలుగో గోడ అన్నిటికన్నా గట్టిది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇల్లు అంటుకుంటే ఏం చేసేవారు? అంటుకున్న ఇంటిని వదిలేసి, పక్క పాక తాటాకు పీకేసేవారు. చెట్టు చేసేదీ అదే. పోయిన దాన్ని వదులుకుని, ఉన్న దాన్ని కాపాడుకుంటుంది. దీన్నుంచే ఇంకో సంగతి తేలింది. కోత మీద పూసే తారు, రంగు, పేడ కుళ్లును ఆపవు. మనకి ఏదో చేశామన్న తృప్తి మిగులుతుంది, అంతే. రోడ్డు పక్క మానులకు కట్టే సున్నం, ఎర్రమన్ను పట్టీలు రాత్రి బండి నడిపేవాడికి దారి చూపిస్తాయి, కాదనను. వాటిని చెట్టు వైద్యం కింద లెక్క రాయకండి.

చెట్టు తల నరకడం గురించి మరొక్క మాట. తీగల కింద ఏటా ఒకే ఎత్తుకు మొత్తం నరికేస్తే, ఆ మోళ్ల నుంచి పదుల కొద్దీ పిలకలు నిటారుగా లేస్తాయి. చూడ్డానికి చెట్టు మళ్లీ కళకళలాడుతుంది. కానీ మామూలు కొమ్మ మానులో లోతుగా నాటుకుని ఉంటే, ఈ పిలక పై బెరడు కింద మాత్రమే అంటుకుని ఉంటుంది. అడుగున మోడు కుళ్లుతుంటుంది, పైన పిలక బరువెక్కుతుంటుంది. తుపాను దానికోసమే వచ్చినట్టుంటుంది.

ఇంతవరకు నేను దూరవిద్యలో చదివిన పుస్తకం బాగానే నడిపింది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ పుస్తకంలో చెట్లు ఓకు, బీచి, యాష్. నా కిటికీ బయట కానుగ, తురాయి, రావి, తాడి. ప్రతి పాఠాన్నీ మన చెట్టు మీదికి దింపుకోవాల్సి వచ్చింది. పరీక్షకన్నా నాకు ఎక్కువ నేర్పింది ఆ దింపుకోవడమే. బ్రిటన్‌లో మాను చుట్టుకొలత నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తున తీస్తారు, మన ఫారెస్టు వాళ్లు 1.37 మీటర్ల దగ్గర తీస్తారు. అది చిన్న తేడా. చలికాలంలో చెట్టు నిద్రపోతుంది, అప్పుడు కొయ్యమంటుంది పుస్తకం. మన దగ్గర మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చే చెట్లున్నాయి, ఎప్పుడూ రాల్చనివి ఉన్నాయి, రావి లాగా రాల్చిన వారాల్లోనే చిగురించేవి ఉన్నాయి. ఒకే క్యాలెండరు పనిచెయ్యదు, చెట్టు చెట్టుకీ విడిగా రాసుకోవాలి. ఆ పుస్తకానికి ఊడ అంటే తెలియదు. మర్రికి ఊడే ప్రాణం. అసలు మాను పోయినా ఊడల మీద బతికేస్తుంది. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని మహా మర్రి మొదటి మాను కుళ్లిపోతే 1925లో తీసేశారు, చెట్టు ఇప్పటికీ విస్తరిస్తూనే ఉంది. మన కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను అయిదెకరాలకు కాస్త తక్కువ జాగా కప్పి, 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. వేలాడే ఊడ చివర్లు పిల్లలు తుంపకుండా, మేకలు కొరకకుండా, వెదురు బొంగులో మట్టి పోసి నేల దాకా దించడం మర్రి వైద్యంలో మొదటి పాఠం కావాలి. ఓకు చెట్టు దేశంలో ఆ పాఠం ఎవరు రాస్తారు?

ఇక తాడి, ఈత, కొబ్బరి. వీటికి కొమ్మ లేదు, మెడ లేదు, వలయాలు లేవు. పైన చెప్పిన షైగో సిద్ధాంతం వీటి దగ్గర మూలన పడుతుంది. తాడి మానుకి దిగిన మేకు గాయం జన్మంతా మూసుకోదు, ఎందుకంటే మూసే పొర దానికి లేనే లేదు. ఉన్నదల్లా నెత్తిన ఒక్క మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే. ఈ సంగతి గీత పనివాడికి తెలిసినంత కచ్చితంగా ఏ పుస్తకమూ చెప్పలేదు. కొబ్బరి రైతుకి ఇంకొకటి తెలుసు. మొదట్లో పగుళ్ల నుంచి గోధుమ రంగు జిగురు కారితే గానోడెర్మా తెగులని, చెట్టు కొట్టేసినా వేళ్లలో బతికే ఉంటుందని, పక్క చెట్టుకి పాకకుండా చుట్టూ గొయ్యి తియ్యాలని. అంబాజీపేట పరిశోధన స్థానం దీని మీద చేసిన పని కోనసీమ రైతుల నోళ్లలో ఉంది. అదే జాతి శిలీంధ్రం వీధి చెట్ల మొదట్లో గట్టి కొయ్య పుట్టగొడుగులా పుడుతుంది. పట్నంలో దాన్ని చూసినవాడు కాలితో తన్ని వెళ్లిపోతాడు. కొబ్బరి తోటలో ఉన్న తెలివి వీధిలోకి రావడం లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకు పడేసినప్పుడు కూడా ఇదే చూశాం. ఏ చెట్టు నిలబెడితే బతుకుతుంది, ఏది కొట్టెయ్యడం మేలు అన్నది రైతు రైతుకీ విడిగా తేల్చుకోవాల్సి వచ్చింది. తుపానులు మన తీరానికి చుట్టాలు. వాళ్లు వెళ్లిన మర్నాడు చెట్టు చెట్టుకీ తిరిగి తీర్పు చెప్పగల మనిషి మండలానికి ఒకడైనా ఉంటే ఎంత మిగిలేదో!

ఇక వేళ్లు. ఇది చెబితే మీకు కోపం రావచ్చు, ఎందుకంటే తప్పు మనం భక్తితో చేస్తున్నది. చెట్టు వేళ్లు మాను ఎంత ఎత్తుందో అంత లోతుకి వెళతాయని అందరి నమ్మకం. నిజానికి ఎక్కువ వేళ్లు పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి చాలా దూరం పరుచుకుని ఉంటాయి. వాటికి నీళ్లెంత కావాలో గాలీ అంత కావాలి. మనం ఏం చేస్తాం? రావికి అరుగు కడతాం. రెండడుగుల ఎత్తు మట్టి పోసి, గోడ కట్టి, మొదలంటా సిమెంటు చేసి, పైన టైల్సు వేసి, దాత పేరు చెక్కిస్తాం. చెట్టు ఊపిరాడక పోవడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి దాత పేరుకీ ఎండిన కొమ్మకీ సంబంధం ఎవరికీ తట్టదు. మాను మొదలు నేలను కలిసే చోట వెడల్పుగా విచ్చుకుని కనిపించాలి. కరెంటు స్తంభంలా తిన్నగా నేలలోకి దిగిపోయి ఉంటే అది పూడిపోయిందని గుర్తు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసెయ్యమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఆదేశించింది. మనం ఆదేశం కోసం ఆగక్కర్లేదు. అరుగు కట్టేవాళ్లు మీటరు జాగా వదిలి, మట్టి పోయకుండా కట్టండి. కూర్చునేవాళ్లకీ సుఖమే, చెట్టుకీ సుఖమే.

చెట్టు వైద్యం అంటే తెలుగువాళ్లకు వెంటనే గుర్తొచ్చేది మహబూబ్‌నగర్ పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టి 2017 చివర్లో పెద్ద కొమ్మ ఒకటి కూలింది. అటవీ శాఖవాళ్లు సెలైన్ సీసాలు వేలాడదీసి, పల్చగా కలిపిన చెదల మందు చుక్క చుక్కగా ఎక్కించారు. ఆ సీసాల ఫొటో దేశమంతా తిరిగింది. ఫొటోకి పనికొచ్చేది సీసానే కదా. నాకు మాత్రం ఆ కథలో గొప్పగా తోచినవి ఫొటోకెక్కనివి. వాలిన కొమ్మల కింద ఆసరాలు, ఊడలను గొట్టాల్లోంచి నేలకు దించడం, జనం తొక్కుడును దూరం పెట్టడం. వైద్యంలో సూది మందు ఒక పూట పని, పరిచర్య ఏళ్ల పని. దూరవిద్య పాఠాల్లో సగానికి పైగా ఈ పరిచర్య గురించే ఉంటుంది. అందులో ఆడవాళ్లకి చోటుంది, చెట్టెక్కలేని వయసువాళ్లకీ చోటుంది. సుత్తితో మాను కొట్టి డొల్ల చప్పుడు వినడం, రిజిస్టరు రాయడం, ఏటా అదే చెట్టును అదే నెలలో చూసి తేడా పట్టడం, ఇవన్నీ చెయ్యడానికి తాడక్కర్లేదు. డొల్ల ఉన్న ప్రతి చెట్టూ కూలదని కూడా ఆ పాఠాల్లోనే నేర్చుకుంటారు. చింతకు లోపల డొల్ల మామూలే. చుట్టూ మిగిలిన గట్టి కలప వ్యాసార్ధంలో మూడో వంతు ఉంటే చాలామటుకు నిలబడుతుందని జర్మన్ శాస్త్రవేత్త మాథెక్ చెప్పిన లెక్క ఒకటుంది. దాని మీద వాదాలూ ఉన్నాయి. అయినా డొల్ల వినగానే గొడ్డలి తేవడం కన్నా మూర టేపు తేవడం మేలు.

పుస్తకం నేర్పలేనిది ఎక్కడం. ఇది ఒప్పుకోవాల్సిందే. ముప్పై అడుగుల ఎత్తున, రంపం చేత్తో, ఏ కొమ్మ మీద బరువు వెయ్యాలో చదివి నేర్చుకుంటే ఆసుపత్రికే. అందుకు కాంటాక్ట్ క్లాసులు కావాలి, హెల్మెట్టు, నడుం పట్టీ, రెండు తాళ్లు కావాలి, చేయించి చూసే మనిషి కావాలి. ఆ మనిషి కోసం ఇంగ్లండు వెళ్లక్కర్లేదు. నడుముకు మోకు, కాళ్లకు బందం వేసుకుని రోజూ తాడెక్కే గీత పనివాళ్లు మన చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. వాళ్ల పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు, గేటెడ్ కాలనీలకు సెక్యూరిటీకి వెళుతున్నారు. భోగాపురం విమానాశ్రయం వైపు లేచే వెంచర్లన్నిటికీ, రోడ్లన్నిటికీ చెట్లు కావాలి, పెట్టాక వాటిని చూసేవాళ్లు కావాలి. తండ్రి ఎక్కుడు, కొడుకు చదువు ఒకే మనిషిలో కలిస్తే ఆ కుర్రాడికి పట్నంలో సెక్యూరిటీ కన్నా మంచి కూలి, మంచి మర్యాద దొరుకుతాయి.

మన తెలివి పుస్తకం కావడం ఇదివరకు జరగనిదేం కాదు. ఈ ఊరి పేరు చరిత్రకెక్కింది 1794 జూలై 10న, విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యాలతో పోరాడి ఇక్కడే నేలకొరిగిన రోజున. ఆ మరుసటి ఏడే లండన్‌లో విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం మొదటి సంపుటి అచ్చయింది. ఆయన సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి, ఇక్కడివాళ్లను చెట్ల పేర్లు, ఉపయోగాలు అడిగి రాసుకున్నాడు, బొమ్మలు ఇక్కడి చిత్రకారుల చేతే వేయించాడు. చెప్పినవాళ్లు తెలుగువాళ్లు, గీసినవాళ్లు ఈ దేశపువాళ్లు, చదువుకున్నది లండన్. రెండు శతాబ్దాలు దాటినా ఆ పుస్తకం తిరుగు ప్రయాణం ఇంకా పూర్తి కాలేదు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. ఒక ఏడాది సర్టిఫికెట్టు కోర్సు, తెలుగులో, ఏదో ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయం గొడుగు కింద. చదువు అర్హత అడగొద్దు, చెట్టు పనో తీగల పనో తోట పనో చేస్తూ ఉంటే చాలు. పాఠాలు ఫోనులో వినేలా ఉండాలి, అచ్చులోనూ ఉండాలి. అసైన్‌మెంటు ఒక్కటే, ఎవరి ఊళ్లో చెట్లకు వాళ్లు రిజిస్టరు రాయడం. చట్టం ఉందిగా అంటారేమో. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అంటుంది, నిజమే. కొమ్మ ఎలా కొయ్యాలో చట్టంలో రాయలేరు, అది పనివాడి చేతిలో ఉండాలి. పరీక్ష హాల్లో పెట్టొద్దు. పరీక్ష రాసేవాణ్ణి చెట్టు కింద నిలబెట్టి, ఏ కొమ్మ కొయ్యాలో అడగండి, సగం మార్కులివ్వండి. మిగతా సగం ఏ కొమ్మ జోలికి పోకూడదో, ఎందుకో చెప్పినవాడికి.

పాఠ్యప్రణాళిక చిత్తుప్రతి ఒకటి రాసి తెచ్చాను. హెడ్మాస్టరు గారి దగ్గర పెట్టి వెళుతున్నాను. గీత పనివాళ్ల పెద్దలు, లైన్‌మెన్లు, తోటమాలులు చూసి తప్పున్న చోట గీత గీసి ఇవ్వండి. చదవడం ఇబ్బందైతే హైస్కూలు పిల్లలెవరినైనా పిలవండి, చదివి వినిపిస్తారు. తాడెక్కే పద్ధతి గురించి రాసిన భాగం ముందు చూడండి, మీ దిద్దుబాట్లు అక్కడే ఎక్కువ కావాలి.